వంగడానికే పుట్టిన ఫెండర్

పోయిన డిసెంబరులో ఒక రాత్రి అమెరికా నుంచి మావాడు ఫోన్ చేశాడు. "నాన్నా, చిన్న ఫెండర్ బెండర్ అయింది. నాకేం కాలేదు, నువ్వు టెన్షన్ పడకు" అన్నాడు. ఫోను స్పీకర్లో ఉంది. వంటింట్లోంచి మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "బెండకాయేమిటండీ, ఏమైంది వాడికి?" అంది.

కార్లు రెండూ రాసుకుని, మనుషులకేమీ కాకుండా రేకు మాత్రం సొట్టపడితే అమెరికావాళ్ళు ఆ మాట అంటారు. ఫెండర్ అంటే ముందు చక్రం మీది రేకు. మావాడు సిగ్నల్ దగ్గర ముందున్న బండికి ఎడమ మూల తగిలించాడట. "ఫెండర్ బాగా వంగిపోయింది నాన్నా, మొత్తం మార్చాలంటున్నారు. అంత డబ్బు పోసి కొంటే రేకు అట్టముక్కలా ఉంది" అని వాడి బాధ. నేను ఆలోచించకుండా, "వంగిందా? మంచిదే" అన్నాను. అటువైపు కాసేపు చప్పుడు లేదు. ఇటువైపు మా ఆవిడ చూపు.

ఎందుకు మంచిదో ఫోనులో అరగంట చెప్పాను. చివరికి వాడు "సరేలే నాన్నా" అన్నాడు. ఆ "సరేలే"కి అర్థమేమిటో ఎదిగిన పిల్లలున్న ప్రతివాళ్ళకీ తెలుసు. అందుకే తీరిగ్గా కూర్చుని ఇది రాస్తున్నాను.

ఫెండర్ అన్న మాట మీద నాకు కాస్త మమకారం ఉంది. తూర్పు తీరంలో ఒక రేవులో 31 ఏళ్ళు బెర్తుల, అంటే ఓడలు వచ్చి ఆగే గట్ల, మరమ్మతులు చూశాను. మా దగ్గర ఫెండర్ అంటే కారు రేకు కాదు. ఓడ వచ్చి ఆనుకునే కాంక్రీటు గోడకు వరసగా బిగించిన నల్లటి రబ్బరు దిమ్మలు. కొన్ని లావుపాటి గొట్టాల్లా ఉంటాయి, కొన్ని కొస కోసేసిన శంకువుల్లా ఉంటాయి. పెద్దవాటికి ముందు ఒక ఉక్కు పలక, ఆ పలక మీద ఓడ పక్క జారిపోవడానికి నున్నటి ప్లాస్టిక్ దిమ్మెలు, పలక బరువుకి రబ్బరు కిందికి సాగిపోకుండా గొలుసులు. ఓడ నెమ్మదిగా వచ్చి ఆనుతుంది. రబ్బరు నొక్కుకుంటుంది, ఒక మూలుగులాంటి చప్పుడు చేస్తుంది, మళ్ళీ మెల్లగా ఓడను వెనక్కి తోస్తుంది. కొత్తలో ఆ చప్పుడు వినడానికే నేను డ్యూటీ అయిపోయినా ఉండిపోయేవాణ్ణి.

ఓడ ఎంత నెమ్మదిగా వస్తుందో చూసినవాళ్ళకి ఇంత రబ్బరు ఎందుకో అర్థం కాదు. లెక్క వేస్తే అర్థమవుతుంది. 50,000 టన్నుల ఓడ సెకనుకు 15 సెంటీమీటర్ల వేగంతో బెర్తుకు తగిలిందనుకోండి. మనిషి మామూలు నడకలో పదో వంతు వేగం అది. దానిలో ఉండే శక్తి సుమారు 560 కిలోజౌళ్ళు. ఒక టన్ను బరువున్న కారు గంటకు 120 కిలోమీటర్ల వేగంతో గోడని గుద్దితే వచ్చేదీ ఇంచుమించు అంతే. ఆ శక్తి ఎక్కడికో ఒకచోటికి పోవాలి. రబ్బరులోకి పోకపోతే ఓడ రేకులోకి పోతుంది, లేదా కాంక్రీటులోకి పోతుంది. ఇంకో సంగతి, వేగం రెట్టింపయితే శక్తి నాలుగింతలవుతుంది. అందుకే బెర్తింగ్ అప్పుడు, ఓడని రేవులోకి నడిపించే పైలెట్ మొహంలో నవ్వుండదు.

చిన్నపాటి ఫెండర్లు మీరూ చూసే ఉంటారు. విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి వెళితే బోట్ల పక్కన పాత లారీ టైర్లు తాళ్ళతో వేలాడుతుంటాయి. వాటిని ఫెండర్లని సరంగు ఎవరూ అనరు, "టైర్లు" అంటారంతే. రబ్బరు రాకముందు ఓడల మీద పాత మోకుల్ని ముడేసి, అల్లి, దిండుల్లా చేసి పక్కలకు వేలాడదీసేవాళ్ళు. ఇంగ్లీషు నావికులు 17వ శతాబ్దం మొదట్లోనే వాటిని ఫెండర్లనేవాళ్ళు. ఇక దేనికీ పనికిరాని మోకు చివరగా చేసే ఉద్యోగం అది. పనికిరాని టైరు చివరగా చేసేదీ అదే. ఆ ఉద్యోగానికి కావాల్సిన అర్హత ఒక్కటే, నలగడానికి సిద్ధంగా ఉండటం.

ఒకసారి మా దగ్గర ఒక ఫెండర్ చీలిపోయింది. గాలి ఎక్కువగా ఉన్న రోజు ఓడ కాస్త గట్టిగానే వచ్చి ఆనింది. ఓడకు గీత పడలేదు, గోడకు పెచ్చు ఊడలేదు. రబ్బరు మాత్రం నిలువునా చీలింది. కొత్తది కావాలని ఫైలు పెడితే, లెక్కలు చూసే పెద్దమనిషి ఒకాయన వెనక్కి పంపుతూ ఎర్ర సిరాతో అడిగాడు: "ఫెండర్ ఎందుకు పాడైంది? నాసిరకమా?" ఓడా బెర్తూ పాడవలేదు కనక ఫెండర్ పాడైందని జవాబు రాశాను. పొగరుగా ఉందని మా పైఅధికారి కొట్టేయించి, "సహజమైన అరుగుదల" అని మార్పించాడు. ఆ ఎర్ర సిరా ప్రశ్నే, పదహారేళ్ళ తర్వాత, మావాడి నోట అమెరికా నుంచి వచ్చింది.

ఇంతకీ ఫెండర్ అనే మాట సగం మాట. పూర్తి మాట డిఫెండర్. ఇంగ్లీషువాళ్ళు మధ్యయుగాల్లోనే దాని తల నరికేసి మొండెం వాడుకోవడం మొదలుపెట్టారు. అదే ఇంట్లో పుట్టిన మరో మొండెం ఫెన్స్, మన కంచె. డిఫెన్స్‌లోంచి తల పోగా మిగిలింది. కత్తిసాము ఆటని ఫెన్సింగ్ అనడం కూడా అందుకే. వీటన్నిటి వెనకా ఒక లాటిన్ క్రియ ఉంది, కొట్టడం, తోయడం అని అర్థం. కొట్టి అవతలికి నెట్టేస్తే డిఫెండ్. ఎదురెళ్ళి కొడితే అఫెండ్. ధాతువు ఒకటే, ఉపసర్గ వేరు. మన ఆహారం, విహారం, ప్రహారం, పరిహారాల్లాగే. కాపాడే మాటా దెబ్బకొట్టే మాటా ఒక తల్లి పిల్లలే అన్నది నాకు భాష తెలిసినవాళ్ళు చెప్పే చమత్కారంలా అనిపించేది చాలాకాలం. తర్వాత ఒక రోజు అది నా సొంత కారు ముందు భాగంలో కనిపించింది. ఆ సంగతికి వస్తాను, కాస్త ఆగండి. ముందు వరూధిని గురించి చెప్పాలి.

ఔను, పెద్దన వరూధినే. ఆ పేరుకి అర్థం ఎప్పుడైనా చూశారా? నేను రిటైరయ్యాక, తీరిక ఎక్కువై, నిఘంటువులు తిరగేస్తుంటే దొరికింది. సంస్కృతంలో వరూథం అంటే రథానికి దెబ్బ తగలకుండా చుట్టూ అమర్చే రక్ష. అమరకోశం దాన్ని "రథగుప్తి" అంటుంది. అంటే రథానికి కాపు. ఆ అమరికలున్న రథాల దండు వరూథిని, అక్కడినుంచి సేన అని అర్థం. తెలుగులో ఒత్తు మారి వరూధిని అయింది. రథానికి ఇంకో రథం రాసుకుంటే పగలకుండా అడ్డుపెట్టినది ఫెండర్ కాక ఇంకేమిటి? ఇంగ్లీషువాడు మోకు వేలాడదీయడానికి ఎన్నో వందల ఏళ్ళ ముందే మనకి దానికి మాటుంది. ఇది విని మా ఆవిడ, "అయితే అప్సరస పేరు ఫెండర్లున్న బండా?" అంది. ఇంత చదువు చదివి చివరికి తేల్చింది ఇదా అన్నట్టు చూసింది.

అక్కడితో ఆగలేదు నేను. మనుచరిత్రలో ఏం జరుగుతుంది? వరూధిని మీదికి వస్తుంది. ప్రవరుడు మొహం పక్కకి తిప్పుకుని, భుజాలు పట్టుకుని తోసేస్తాడు. సరిగ్గా లాటిన్ క్రియ చెప్పిన పని, అవతలికి నెట్టడం. ఆయన లెక్కలో అది ఆత్మరక్షణ. కానీ ఆమె ఏమంటుంది? నువ్వు తోసినప్పుడు నీ గోరు గుచ్చుకుంది చూడు, దయలేనివాడా అని ఏడుస్తుంది. ఒకే తోపు ఆయనకి డిఫెన్సు, ఆవిడకి అఫెన్సు. ఆ ఏడుపు దొంగ ఏడుపు అనేవాళ్ళున్నారు, అననీయండి. గోరు గుచ్చుకుందా లేదా అన్నది గుచ్చుకున్నవాళ్ళకే తెలుస్తుంది.

రథాల దగ్గర ఇంకో సంగతి. భారతంలో పెద్ద వీరుడి రథానికి రెండు పక్కలా చక్రరక్షకులుంటారు. అర్జునుడి చక్రాలను కాచింది యుధామన్యుడు, ఉత్తమౌజుడు. యుద్ధంలో రథానికి కాపున్నారు, పేర్లు చెప్పమంటే మనలో నూటికి ఒక్కరు చెప్పలేం. అర్జునుడు బతికాడు. వాళ్ళిద్దరూ చివరి రాత్రి అశ్వత్థామ దాడిలో పోయారు. ఫెండర్ ఉద్యోగం మనుషులు చేసినా ఇంతే.

ఇప్పటిదాకా నా వాదన సాఫీగానే నడిచింది. కాపు కాసేది తాను నలగాలి, నలగనిది కాపు కాదు. దీనికి చలిదేశాల పొయ్యి అడ్డుపడుతుంది. ఇంగ్లండులో ఇళ్ళలో గోడకి పొయ్యి ఉంటుంది కదా, దాని ముందు ఒక ఇత్తడి పట్టీయో ఇనప పట్టీయో నేల మీద ఉంటుంది. దాన్నీ 17వ శతాబ్దం చివరినుంచి ఫెండర్ అనే అంటున్నారు. అది నలగదు. నిప్పు కణిక దొర్లి తివాచీ మీదికి రాకుండా ఆపుతుంది, అంతే. తర్వాత క్లబ్బుల్లో దాని పైన తోలు దిండు వేసి కూర్చునేలా కూడా చేశారు. చలి కాగుతూ కబుర్లు చెప్పుకోవడానికి మన అరుగులాంటిది. కాబట్టి నా సూత్రాన్ని కాస్త సవరించుకుంటాను. నలగడం ఒక్కటే కొలత కాదు. ఎవరిని కాస్తోంది, దేనినుంచి కాస్తోంది అని కూడా అడగాలి.

ఆ ప్రశ్న పొయ్యినే అడిగి చూడండి. ఆ పొట్టి పట్టీ కాచింది తివాచీని. పాకే పిల్లవాడికి, గౌను కుచ్చిళ్ళకి అది అడ్డు కాదు. వాటికి నిలువెత్తు వల తడక కావాలి. అలాంటివి ఉండేవి, కొనగలిగినవాళ్ళ ఇళ్ళలో. బ్రిటన్లో 1908లో వచ్చిన పిల్లల చట్టంలో ఒక నిబంధన ఉంది. ఏడేళ్ళలోపు పిల్లలు తిరిగే గదిలో పొయ్యికి సరైన అడ్డు పెట్టక, బిడ్డ చనిపోయినా తీవ్రంగా గాయపడినా, ఆ బిడ్డ బాధ్యత ఉన్నవాళ్ళకి 10 పౌండ్ల దాకా జరిమానా. తివాచీని కాచే ఫెండర్ ఇళ్ళలోకి వచ్చిన రెండు వందల ఏళ్ళకి బిడ్డని కాచే అడ్డు చట్టంలోకి వచ్చింది.

ట్రాముల కథ నాకు దీనికంటే ఇష్టం. 1890ల్లో న్యూయార్క్ పక్కన బ్రూక్లిన్‌లో గుర్రపు ట్రాములు పోయి కరెంటు ట్రాములు వచ్చాయి. గుర్రం వేగానికి అలవాటైన జనం వాటి కింద పడటం మొదలైంది. అక్కడివాళ్ళు ట్రాములు తప్పించుకుంటూ బతికే జనమన్న పేరు పడి, చివరికి వాళ్ళ బేస్‌బాల్ జట్టుకే ట్రాలీ డాడ్జర్స్ అన్న పేరొచ్చింది. ఇప్పుడు లాస్ ఏంజెలెస్‌లో ఉన్న డాడ్జర్స్ ఆ జట్టే, 1958లో అక్కడికి మారింది. మావాడు ఆ టోపీ పెట్టుకుని తిరుగుతాడు, అది ట్రాము కింద పడకుండా తప్పించుకున్నవాళ్ళ పేరని వాడికి నేనే చెప్పాను. ఆ రోజుల్లో ట్రాము ముందు పెట్టించిన వల లాంటి చట్రాన్ని కూడా ఫెండర్ అన్నారు. ఎదురుగా మనిషి పడితే చక్రాల కిందికి పోకుండా చేటతో ఎత్తినట్టు ఎత్తుకోవాలి అది. బ్రిటన్లో దాన్నే లైఫ్‌గార్డ్ అనేవాళ్ళు. పనిచేసినప్పుడు చేసేది, చేయనప్పుడు చేసేది కాదు. కానీ దాని ఉద్దేశం చూడండి. బండికి బిగించారు, బండి కోసం కాదు. దారిలో నడిచేవాడి కోసం.

అదే మాట కారుకి వచ్చేసరికి ఉద్దేశం మెల్లగా లోపలికి తిరిగిపోయింది. మొదట్లో కారు ఫెండర్ అంటే చక్రం మీద వంపుగా ఉండే రేకు, చక్రం చిమ్మే బురదని ఆపేది. మనం సైకిలుకి మడ్‌గార్డ్ అంటామే, అదే. బ్రిటన్లో కారు మడ్‌గార్డుని వింగ్ అన్నారు, రెక్క అని. అమెరికాలో ఫెండర్ అన్నారు, సైకిలుదాన్ని కూడా. తర్వాత ఆ రేకు కారు ఒంట్లో కలిసిపోయింది, ఇప్పుడు ముందు చక్రం మీది పక్క భాగానికి పేరుగా మిగిలింది. మన షెడ్లలో కుర్రాళ్ళు "ఫెండర్ ఎల్‌హెచ్, ఫెండర్ ఆర్‌హెచ్" అని బిల్లులో రాసేది దాన్నే. మా మేనల్లుడికైతే ఫెండర్ అంటే గిటారు. అది 1946లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ అనే ఆయన తన ఇంటిపేరుతో పెట్టిన కంపెనీ. ఆయనకి గిటారు వాయించడం రాదు. దానికీ మన గొడవకీ సంబంధం లేదు, కానీ ఫెండర్ అని నెట్‌లో వెతికితే ఓడలు కార్లు పక్కకు పోయి అదే ముందు వస్తుంది.

ఇక బంపర్. అమెరికాలో 1973 మోడళ్ళనుంచి బంపర్లకు నియమాలు పెట్టారు. గంటకు 5 మైళ్ళ వేగంతో ముందు భాగం అడ్డుగోడకి తగిలినా లైట్లు, ఇంధనపు గొట్టాలు వగైరా పాడవకూడదని. 1983 మోడళ్ళకి ఆ వేగాన్ని రెండున్నర మైళ్ళకి తగ్గించారు. అక్కడి రహదారి భద్రత సంస్థ స్వయంగా చెప్పే మాట ఏమిటంటే, బంపర్ పని తక్కువ వేగంలో కారుకు జరిగే నష్టాన్ని తగ్గించడం, లోపలివాళ్ళని కాపాడటం దాని పని కాదు. మనం మాత్రం బంపర్ గట్టిగా ఉంటే మనం గట్టిగా ఉన్నట్టు అనుకుంటాం. నేనూ అనుకున్నాను.

ఇప్పుడు చెప్తాను నా కారు సంగతి. 2012లో ఒక పెద్ద కారు కొన్నాను. కొన్న వారానికే ముందు భాగానికి ఉక్కు గొట్టాల గార్డు వేయించాను. కొందరు బుల్ బార్ అంటారు, మన షాపుల్లో క్రాష్ గార్డ్ అంటారు. "సార్, బండికి గీత పడదు, మీరు హాయిగా తోలుకోండి" అన్నాడు షాపతను. నిజమే చెప్పాడు. ఒక సాయంత్రం జంక్షన్లో అంగుళం అంగుళం జరుగుతున్న ట్రాఫిక్‌లో, ముందు ఖాళీ వచ్చిందని కాలు కాస్త ఎక్కువ నొక్కాను. పక్కనుంచి స్కూటర్ దూరింది. తగిలిందో లేదో కూడా నాకు తెలియలేదు. దిగి చూస్తే గార్డు గొట్టానికి గీత లేదు. స్కూటర్ అతని మోకాలు చిప్ప పగిలింది.

నా వేగం గంటకు పది కిలోమీటర్లు కూడా ఉండదు. ఆస్పత్రి ఖర్చు పెట్టుకున్నాను, నెలరోజులు వెళ్ళి చూసొచ్చాను. అతను మంచివాడు, కేసు పెట్టలేదు. చూడ్డానికి వచ్చిన మా వాళ్ళు మాత్రం ఒకటే మాట: "పోనీలెండి, గార్డు ఉంది కనక బండికేం కాలేదు." నేనూ తల ఊపాను. ముప్ఫై ఏళ్ళు ఓడలకి మెత్తటి రబ్బరు బిగించి, ఇంటికొచ్చి కారుకి ఉక్కు బిగించుకున్న ఇంజనీరుని. గార్డు లేకపోతే అతని మోకాలికి ప్లాస్టిక్ బంపర్ తగిలేది, అది లోపలికి సొట్టపోయేది, నాకు ఏడెనిమిది వేలు ఖర్చయ్యేది. ఆ ఏడెనిమిది వేలు నేను అతని మోకాలికి బదిలీ చేశాను. కంచే చేను మేయడమంటే ఇదే, కాకపోతే నా కంచె పక్కవాడి చేను మేసింది.

పశ్చాత్తాపంతో వెంటనే గార్డు పీకించానని రాస్తే బాగుండేది. పీకించలేదు. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకి ఉత్తరం రాసింది, వాహనాలకి ఇలాంటి గార్డులు బిగించడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కి విరుద్ధమని, చర్య తీసుకోమని. పేపర్లో చదివాను. చలానా రాస్తారన్న భయంతో షెడ్డుకి తీసుకెళ్ళి విప్పించాను. విప్పిన మెకానిక్కే చెప్పాడు, గార్డు చాసిస్‌కి బిగిస్తారు కాబట్టి దెబ్బ తిన్నగా దానికే పోతుందని, నలగాల్సిన ముందు భాగం నలగదని, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవాల్సిన లెక్క కూడా తప్పవచ్చని. అంటే ఐదేళ్ళు అది నన్నూ కాపాడలేదు. మరి ఎవర్ని కాపాడింది? ఫెండర్ రేకుని! కాపు కాయాల్సినదానికి కాపలా పెట్టానన్నమాట.

ఒకటి ఒప్పుకోవాలి. ఈ గార్డులు ఆస్ట్రేలియాలో పుట్టాయంటే దానికి అర్థముంది. వందల మైళ్ళు మనిషి ఉండని దారిలో రాత్రి కంగారూ వచ్చి గుద్దితే, రేడియేటర్ పగిలితే, అక్కడే ఉండిపోతారు. అది ప్రాణాల మీదికి వచ్చే సంగతి. గాజువాక జంక్షన్లో కంగారూలు లేవు. నీళ్ళ డబ్బాలు మోసే టీవీఎస్ బళ్ళు, స్కూలు పిల్లల ఆటోలు, రోడ్డు దాటే ముసలమ్మలు ఉన్నారు.

పేర్లలో నిజాయితీ ఉన్నవి కూడా లేకపోలేదు. మడ్‌గార్డ్ దేన్ని ఆపుతుందో చెప్తుంది. శారీ గార్డ్ ఎవర్ని కాస్తుందో చెప్తుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వది అదే. మోటారు సైకిల్ వెనక కూర్చున్నవాళ్ళకి పట్టుకోవడానికి పిడి, కాళ్ళు పెట్టుకోవడానికి చోటు, బట్టలు చక్రంలో చిక్కుకోకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే అడ్డు ఉండాలని. మన దేశంలో బండి బయట కనపడే అడ్డుల్లో, నా లెక్కన, ఇదొక్కటే పూర్తిగా మనిషి కోసం పుట్టింది. దాన్నే కుర్రాళ్ళు లుక్ పాడవుతోందని విప్పేసి, ముందు మాత్రం లెగ్ గార్డు వేయించుకుంటారు. గుర్రపు జీనుల్లో కూడా ఫెండర్ అని ఒకటుందిట, అమెరికా పశువుల కాపర్లు వాడే జీనులో. రౌతు కాలికీ గుర్రం పక్కకీ మధ్య వెడల్పాటి తోలు. గుర్రం చెమట రౌతుకి అంటదు, రికాబు పట్టీల రాపిడి గుర్రానికి తగలదు. మా రేవు ఫెండర్ కాక, రెండువైపులా కాచేది నాకు తెలిసినంతలో అదే.

మావాడుండేది బాల్టిమోర్‌కి గంట దూరంలో. 2024 మార్చి 26 తెల్లవారకముందే వాడు ఫోన్ చేసి లేపాడు, అంటే మనకి మధ్యాహ్నం నిద్ర. "నాన్నా, వంతెన పడిపోయింది, నువ్వు టీవీ పెట్టు." డాలి అనే కంటైనర్ ఓడ కరెంటు పోయి, అదుపు తప్పి, ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన స్తంభాన్ని గుద్దింది. సిబ్బందిలో ఎక్కువమంది మనదేశం వాళ్ళే. ఓడ లక్ష టన్నుల పైమాటే, వేగం గంటకు 12 కిలోమీటర్ల దరిదాపు. నేను పడుకుని కాగితం మీద లెక్కేశాను. నేను ముందు చెప్పిన బెర్తు దెబ్బకి అది వెయ్యి రెట్లు. వంతెన 1977లో తెరిచింది. స్తంభాల దగ్గర చిన్న రక్షణ దిమ్మలు ఉన్నాయి కానీ ఓడ వాటికి తగలకుండానే పక్కనుంచి వచ్చింది. ఓడలు పెద్దవవుతూ పోయాయి, అడ్డు మాత్రం పాతదే. ఓడనుంచి ప్రమాద సందేశం అందగానే పోలీసులు రెండువైపులా కార్లని ఆపేశారు, ఎంతో మంది బతికారు. వంతెన మీద ఆ రాత్రి గుంతలు పూడుస్తున్న కూలీల్లో 6 మంది చనిపోయారు. వలస వచ్చి బతుకుతున్నవాళ్ళు.

అదే సంవత్సరం సెప్టెంబరు 1న కృష్ణ వరదకి కొట్టుకొచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్ల దగ్గర గుద్దుకుంటే, గేట్లు ఎత్తడానికి తూకంగా ఉండే కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి. ఈసారి నేను మావాడికి ఫోన్ చేశాను. "టీవీ పెట్టు" అన్నాను. వాడు నవ్వాడు.

బెండర్ అయిన కారు బాగై వచ్చిందట. కొత్త ఫెండర్ రంగు పాతదానితో సరిగ్గా కలవలేదని ఒక ఫొటో పంపాడు. నాకైతే తేడా కనిపించలేదు. ఇంతలో వాడు, "నాన్నా, ఇక్కడ ఒకడు ముందు గార్డు వేయించుకోమంటున్నాడు" అన్నాడు. నేనేమీ అనలేదు. ఫోను పట్టుకుని పెరట్లోకి వెళ్ళి కెమెరా తిప్పాను. విప్పించిన రోజు పాత ఇనప సామాన్లవాడికి ఇద్దామనుకున్న గార్డుని మా ఆవిడ ఇవ్వనివ్వలేదు. ఆనపపాదుకి రెండువైపులా రాళ్ళు పెట్టి నిలబెట్టించింది. తీగ గొట్టాలు రెంటినీ చుట్టేసి ఎప్పుడో పైకి పోయింది. మేకలు వచ్చి కింది ఆకులు తినకుండా దాని అడుగున ముళ్ళకంప కూడా కుక్కింది.

"అదేంటి, నీ పాత బుల్ బారా?" అన్నాడు.

"కాయలు బాగా కాస్తున్నాయిరా" అంది మా ఆవిడ వెనకనుంచి.